ఏఎన్ఏ పాజిటివ్ అంటే లూపస్ వచ్చేసినట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ హెల్త్ పేజీలో ‘కంచే చేను మేస్తే’ అని లూపస్ (ఒంటిని కాపాడే వ్యవస్థే సొంత ఒంటి మీద పడే జబ్బు) మీద రాసినారు కదా సార్, హెడ్డింగ్ బాగుంది కానీ లోపల ఒక్క మాట మా ఇంట్లో పెద్ద రభస చేసింది. సొంత కణాల మీద యాంటీబాడీలు కనిపిస్తే జబ్బు మొదలైనట్టేనంట! మా కోడలికి నెల కింద మోకాళ్ల నొప్పులకు ఏఎన్ఏ టెస్ట్ (సొంత కణాల కేంద్రకాల మీద యాంటీబాడీలు ఉన్నాయా అని చూసేది) చేస్తే 1:40 పాజిటివ్ (అంటే రక్తరసాన్ని 40 వంతులకు పలచన చేసినా అవి కనిపించినాయని) వచ్చింది, ఆ కటింగ్ ఎవరో వాట్సాప్‌లో పంపినారు, అంతే, రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

నేను అనంతపురంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైనోన్ని. అట్లాంటి యాంటీబాడీలు చేసే బీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) మీకూ నాకూ అందరికీ పుడతానే ఉంటాయి. ఎముక మజ్జలో ప్రతి బీ కణం జీన్ ముక్కల్ని ఎట్ల పడితే అట్ల కలిపి తన రిసెప్టర్, అంటే దేన్నైనా పట్టుకునే కొక్కెం, చేసుకుంటుంది (ఇది తేల్చినందుకే టోనెగావాకు 1987లో నోబెల్), అట్ల గుడ్డిగా కలిపితే సొంత ఒంటినే పట్టుకునేవి రాకుండా యాడికి పోతాయి? 2003లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ వాళ్లు చూస్తే మనుషుల మజ్జలో కొత్తగా పుట్టిన బీ కణాల్లో 55 నుంచి 75 శాతం ఇట్లాంటివే. మరి మనమంతా మంచం పట్టలేదే!

ఎందుకంటే శెనక్కాయ విత్తనాల్లో పుచ్చువి ఏరినట్టు మజ్జలోనే ఏరివేత ఉంది. అదీ ఊరికే పారేయదు, నాకు భలే నచ్చేది ఇదే, జాకెట్టు కుదరకపోతే టైలర్ బాడీ అట్లే ఉంచి చేతులు విప్పి మళ్లీ కుడతాడు చూడండి, అట్ల రిసెప్టర్‌లో హెవీ చైన్ అనే పెద్ద ముక్క ఉంచి లైట్ చైన్ అనే చిన్న ముక్క మార్చి ఇంకో చాన్స్ ఇస్తుంది. అప్పటికీ కుదరకపోతే ఆ కణం చచ్చిపోతుంది. సొంతదాన్ని కాస్త మెత్తగా పట్టుకునేవి బయటికొస్తాయి గానీ మొద్దుబారి ఉంటాయి, పిలిచినా పలకవు. బయట కూడా హెల్పర్ టీ కణం (ఇంకో రకం తెల్ల రక్తకణం) సై అంటే తప్ప చాలావరకు ఏమీ చేయలేవు, ఆ టీ కణాల మీద మళ్లీ రెగ్యులేటరీ టీ కణాల కాపలా, 2025 నోబెల్ వాటి గురించే.

ఇంత జల్లెడ పట్టినా రక్తంలోకొచ్చే బీ కణాల్లో సుమారు 20 శాతం అట్లాంటివే మిగుల్తాయంట. ఏ జబ్బూ లేనోళ్లలోనే 1:40 దగ్గర దాదాపు 30 శాతం మందికి ఏఎన్ఏ పాజిటివ్ వస్తుంది, 1:160 దగ్గర అది 5 శాతం. లూపస్ ఉన్నోళ్లకు దాదాపు అందరికీ ఏఎన్ఏ వస్తుంది, నిజమే, కానీ ఏఎన్ఏ వచ్చినోళ్లందరికీ లూపస్ ఉండదు సార్, ముఖం మీద మచ్చలు, నోటి పుండ్లు, యూరిన్‌లో ప్రొటీన్, ఇంకొన్ని రక్త పరీక్షలు అన్నీ చూసి డాక్టరు తేల్చాల.

ఇంకోటి. ఆ పేజీ కిందనే ఇమ్యూనిటీ పెంచే కషాయం అని బాక్స్ వేసినారు, పైన కంచె చేను మేస్తాందని చెప్పి కింద కంచెకు ఎరువేయమంటే ఎట్ల?

వచ్చే ఆదివారం 1:40కీ 1:160కీ తేడా ఏందో చిన్న బాక్సయినా వేయండి. మామ చెప్తే నమ్మదంట, పేపర్లో వస్తే నమ్ముతుందంట.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు, అనంతపురం