పురుగుల మందు కొట్టే ముందు ఒంటి మీద ఏసుకునేది కూడా నేర్పుండ్రి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది నర్సంపేట దిక్కు, మూడెకరాల పత్తి, ఎకరంన్నర మిర్చి పెడుతం. ఇప్పుడు పత్తికి మందు కొట్టుడు జోరు మీదున్నది, పొద్దున ఏ చేను దిక్కు పోయినా పంపుల చప్పుడే, అందుకే ఈ ముచ్చట మీ పేపర్ల వస్తే ఒక్కరన్న చదివి జాగ్రత్త పడుతరని రాస్తున్న.

పోయినేడు మా తమ్ముడు మందు కొట్టి ఇంటికొచ్చిండు, పొద్దుగూకేసరికి ఒళ్లంత చెమటలు, నోట్ల నీళ్లూరుడు, కక్కుడు, కండ్లు మసకలు. వరంగల్ తీసుకపోతే పురుగుల మందు ఒంట్లకు పోయిందని దానికి విరుగుడు అట్రోపిన్ సూదులు ఇచ్చిండ్రు, నాలుగు రోజులకు తేరుకున్నడు. నాకు ఇప్పటికీ మనసుల కలుక్కుమనేది ఏందంటే, వాడు లుంగీ బనియన్ మీద పోలేదు. బూట్లున్నయ్, గ్లౌజులున్నయ్, మూతికి మాస్కున్నది. ఏసుకున్న తీరే తప్పు. ప్యాంటును బూట్లల్ల దోపిండు, ఆకుల తడి ప్యాంటు మీదికెల్లి జారి బూట్లల్లకే దిగింది, మూడు గంటలు పిల్లగాడు ఆ మందు నీళ్లల్లనే నడిచిండు. గ్లౌజులేమో బట్టవి, మందు పీల్చుకొని చేతికి పట్టీ కట్టినట్టే అయినయ్. మాస్కు కరోనప్పటిది, అది మందు ఆవిరిని ఆపదు.

అప్పటిసంది తెలిసినోళ్లను అడిగి, డబ్బాతోని వచ్చే కాయితం చదివి నేర్చుకున్న. డబ్బా మూత తీయకముందే అన్నీ ఏసుకోవాలె, ఎందుకంటే నీళ్లు కలవని చిక్కటి మందుతోనే ఎక్కువ ముప్పు, మనోళ్లేమో చేన్లకు దిగేటప్పుడు ఏసుకుందాం తీ అని వట్టి చేతులతోని కొలిచి బకెట్ల కలుపుతరు. ముందుగాల ఉంగరం, గడియారం తీసెయ్యాలె, వాటి కింద మందు చేరితే పోదు. గ్లౌజుల నీళ్లు నింపి చూస్తే చిల్లులు కనిపిస్తయ్, నైట్రైల్ అనే రబ్బరువి అయితే మంచిది, తోలుయి, బట్టయి అస్సలు వద్దు. నిండు చేతుల అంగీ, ప్యాంటు, తర్వాత రబ్బరు బూట్లు, ప్యాంటు బూట్ల బయటికే ఉండాలె. మందు కలిపేటప్పుడు ముంగట ప్లాస్టిక్ ఏప్రాన్ కట్టుకోవాలె. కార్ట్రిడ్జ్ మాస్కు, అంటే గాలిని వడగట్టే డబ్బీలున్న మాస్కు, పెట్టుకొని కార్ట్రిడ్జ్‌లను అరచేతులతోని మూసి గాలి పీల్చితే మాస్కు మొఖానికి అతుక్కోవాలె, అతుక్కోలేదంటే సందుకెల్లి గాలి వస్తున్నట్టే, గడ్డం ఉన్నోళ్లకు సరిగ అతుకది. ఆ మీద కండ్లద్దాలు, టోపీ, అన్నిటికన్న ఆఖరుకు గ్లౌజులు. చేను నడుము కింద ఉంటే అంగీ చేతులు గ్లౌజుల మీదికి ఉండాలె, పత్తి తలెత్తు పెరిగి చెయ్యి పైకెత్తి కొట్టేటప్పుడు అంగీ చేతులు గ్లౌజుల లోపలికి పోవాలె, లేకపోతే కారిన మందు మోచేతి దాక వస్తది. పని అయినంక గ్లౌజులు చేతికుండంగనే సబ్బుతోని కడిగి, ఆ తర్వాతనే తీయాలె.

ఉక్కపోతకు ఇవన్ని ఎట్ల ఏసుకుంటం అంటరు, నిజమే, నేను కూడా తట్టుకోలేక మధ్యల ఆపుత. అందుకే పొద్దున చల్లగున్నప్పుడే ఓ రెండు మూడు పంపులు కొట్టి ఎండ ముదరకముందే ఇంటికి రావాలె గాని, గుండీలిప్పి కొట్టుడు పద్ధతి కాదు.

ఆదిలాబాద్ దాటితే వచ్చే మహారాష్ట్ర యవత్మాల్ జిల్లల 2017ల పత్తికి మందు కొట్టిన రైతులు, కూలీలు ఇరవై మంది దాక సచ్చిపోయిండ్రు, అక్కడి పంట కూడా మన లెక్కనే పత్తి. 1971 నాటి పురుగుమందుల రూల్స్‌లనే మందు కొట్టేటోళ్లకు రక్షణ బట్టలుండాలని ఉన్నది. పంపుకింత అని కూలీకి కొట్టేటోళ్లకు అవి ఎవలిస్తుండ్రు? మందు డబ్బా కొన్నోళ్లే గ్లౌజులు, మాస్కు కూడా కొనియ్యాలె, కూలోని మీదికి నెట్టుడు పాపం.

మన ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) సార్లు రైతు వేదికల ఎరువుల గురించి, విత్తనాల గురించి చెప్తరు, మంచిదే. ఒక్క పొద్దు ఒక మనిషిని నిలబెట్టి, ముందు ఏది, తర్వాత ఏది అని ఒంటి మీద ఏసి చూపెట్టుండ్రి. మందుల షాపులోళ్లు డబ్బాల పక్కన అసలైన గ్లౌజులు, మాస్కులు పెట్టాలె, మా ఊరి షాపుల అడిగితే బట్టవే ఇచ్చిండ్రు. మీటింగ్ పెడితే ఆడోళ్లను తప్పకుండ పిలువుండ్రి, ఎందుకంటే నీళ్లు మోసేది, బకెట్ల మందు కలిపేది చాలా ఇండ్లల్ల వాళ్లే, వాళ్ల చేతులకు ఇప్పటిదాక ఏ గ్లౌజూ లేదు.

— ఒక పత్తి రైతు, నర్సంపేట