ఏటి ఒడ్డు పార్కు గురించి, మన అంబలి బండి గురించి

శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డు పార్కు గేటు దగ్గర మన చోడి (రాగి) అంబలి బండికి వచ్చే మీ అందరికీ నమస్కారం. కొన్నాళ్ళుగా గ్లాసు అందుకుంటూ అందరూ అడుగుతున్నది ఒకటే: "పార్కు మార్చేస్తారట కదమ్మా, మీ బండి ఉంటుందా, తీసేస్తారా?" పొద్దుటి రద్దీలో నిలబడి ఒక్క ముక్కలో చెప్పే జవాబు కాదది. అందుకే తీరుబడిగా రాస్తున్నాను.

పార్కును కొత్తగా తీర్చిదిద్దాలని ఒక నమూనా గీయించారు. ఖాయం చేసేముందు జనం మాట వింటామని వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు పార్కులోనే సమావేశం పెట్టారు. రాలేనివారు కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. గేటు పక్కన అంటించిన ఆ నమూనాను మా ఆయన, నేను నిలబడి పూర్తిగా చూశాం. ఏటి అంచు వెంబడి ఎత్తైన గోడ, దాని మీద కాంక్రీటు నడక బాట, రంగు దీపాల ఫౌంటెన్, ఇప్పుడు గడ్డి ఉన్న పల్లంలో కార్ల పార్కింగ్, వరుసగా గదులతో ఫుడ్ కోర్టు, గేటు దగ్గర టికెట్టు కౌంటరు ఉన్నాయి.

ముందు నా స్వార్థం మీకు తెలియాలి. ఫుడ్ కోర్టు గదులను వేలం పాటలో ఇస్తారని అంటున్నారు. డిపాజిట్ కట్టి, నెలనెలా అద్దె కట్టి అంబలి అమ్మితే గ్లాసు ఎంతకు అమ్మాలో లెక్క వేసుకున్నాం. ఆ ధరకు మీరెవరూ తాగలేరు, తాగమని అడగడానికి నాకు నోరూ రాదు. మా ఇద్దరు పిల్లల చదువు ఈ తోపుడు బండి మీదే నడుస్తోంది. కాబట్టి ఫుడ్ కోర్టు వద్దని నేనంటే అందులో మా ఇంటి పొయ్యి కూడా ఉంది. అది మనసులో పెట్టుకునే నా మాటను తూచండి.

కార్ల పార్కింగ్ సంగతి వేరు. అది వస్తే నాకు బేరం పెరుగుతుంది. కారులో వచ్చేవారు ఇంటికి కూడా కట్టించుకుని వెళతారు. అయినా ఆ పల్లంలో పార్కింగ్ వద్దనే ఆదివారం చెప్పబోతున్నాను. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మన ఏరు పుట్టేది ఒడిశాలో కలహండి కొండల్లో. రాయగడ మీదుగా దిగి, పార్వతీపురం వైపు నుంచి వచ్చి, సంగాం దగ్గర సువర్ణముఖినీ వేగవతినీ కలుపుకుని మన ఊరు చేరుతుంది. ఇక్కడి నుంచి కల్లేపల్లి దగ్గర సముద్రం ఎంతో దూరం లేదు. మొత్తం పొడవు సుమారు 256 కిలోమీటర్లు. అంటే మనం ఉన్నది ఏటికి దాదాపు చివర. పైన ఎక్కడ వాన కురిసినా ఆ నీళ్ళన్నీ మన ముందు నుంచే పోవాలి. శ్రీకాకుళంలో చినుకు లేకుండా ఎండ కాస్తూ ఉంటుంది, రాయగడ కొండల్లో రాత్రంతా కురిసిన వాన మర్నాటికల్లా కాఫీరంగు నీళ్ళై మన ఒడ్డు ఒరుసుకుంటూ వస్తుంది. చెట్ల మొద్దులు, వెదురు గెడలు కొట్టుకొస్తాయి. తోటపల్లి బ్యారేజీ దగ్గర గేట్లు ఎత్తారని తెలిస్తే మేము బండి చక్రాల కింద రాళ్ళు తీసేసి రోడ్డు మీదకు లాగేస్తాం. అది మాకు అలవాటైన పని.

నమూనా గీసినవారు ఏటిని వేసవిలో చూసి గీసినట్టు నాకు అనిపించింది. ఇప్పుడు చూస్తే ఇసుక మేటలు, మధ్యలో మోకాలి లోతు పాయలు, తుంగ. ఈ ఒడ్డు మునుగుతుందని కొత్తవారు నమ్మలేరు. నమ్మకం కలగాలంటే దక్షిణం వైపు ఉన్న పెద్ద మద్దిచెట్టు దగ్గరకు వెళ్ళండి. బెరడు మీద నా నడుము కన్నా ఎత్తున ఒక మట్టి చార ఉంటుంది. గోరుతో గీస్తే సన్నని ఒండ్రు పొడిలా రాలుతుంది. వరద నిలిచిన ఎత్తు అది. దాని కిందే రెండు సిమెంటు బల్లలు ఉన్నాయి, ఒకటి పక్కకు ఒరిగి ఉంది. నేల కింద నుంచి మట్టి కొట్టుకుపోయి అలా వాలింది. అక్కడికి పది అడుగుల దూరంలో టైల్స్ వేసిన ముక్క ఉంది కదా, నీళ్ళు తీశాక అక్కడి పలకలు లేచిపోయి విరిగి పడి ఉన్నాయి. గడ్డి ఉన్న చోట మాత్రం ఒండ్రు కింద నుంచి కొన్నాళ్ళకే పచ్చటి మొలక పైకి వచ్చింది. నెల తిరక్కుండా పిల్లలు మళ్ళీ అక్కడే ఆడుకున్నారు.

ఏటికి పొంగినప్పుడు పరుచుకోవడానికి కొంత జాగా కావాలి. ఆ పల్లమే ఆ జాగా. అక్కడ కాంక్రీటు పరిచి ఇటు గోడ కట్టేస్తే నీరు ఆగిపోదు. అవతలి ఒడ్డు ఇళ్ళ మీదకో, దిగువ పొలాల మీదకో పోతుంది. నేల పీల్చుకునే నీరూ పోతుంది. ఒడ్డు వీధుల్లో బోర్లు వేసవిలో కూడా అందుతున్నాయంటే ఇసుకలో ఊరిన నీటి చలవే. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ వైపు ఎన్ని చెట్లు కూలాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వాటి తర్వాత నాటినవి ఇప్పుడిప్పుడే నీడనిస్తున్నాయి. నమూనాలో పార్కింగ్ గీత సరిగ్గా ఆ చెట్ల మీదుగా పోతోంది. అది చూసినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది.

గోడ విషయంలో నాకు ఇంకో బాధ ఉంది. నాగావళి వెంట పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కల్లేపల్లి, ఈ ఐదు చోట్లా బలరాముడు శివలింగాలు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. మన గుడివీధిలోని ఉమారుద్రకోటేశ్వరుడు అందులో ఒకడు. కార్తీక మాసంలో, శివరాత్రికి ఆడవాళ్ళం తెల్లవారకముందే ఏటిలో దిగి, దీపం వదిలి, తడిబట్టలతో గుడికి వెళతాం. ఎత్తైన గోడ కట్టి, ఒక్క గేటు పెట్టి, దానికి టికెట్టు పెడితే దీపం ఎక్కడ నుంచి వదలాలి? రజకులు బట్టలు ఎక్కడ ఉతకాలి? పొద్దున్నే వల వేసి చిన్న చేపలు పట్టుకెళ్ళి వీధుల్లో అమ్ముకునేవారు ఎటు దిగాలి? వీళ్ళెవరూ ఆదివారం సమావేశానికి రారు. పిలిస్తే తప్ప రారు, పిలిచినా వెనక నిలబడతారు. వచ్చేవారిలో ఎక్కువమంది పొద్దున నడకకు వచ్చే మనలాంటివారే. అందుకే మెట్లు కావాలని, ఎవరైనా ఎప్పుడైనా డబ్బు కట్టకుండా నీటి దాకా దిగగలిగే మెట్లు కావాలని మనమే అడగాలి.

మార్పే వద్దని నేననడం లేదు. ఈ పార్కులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. పొద్దున అయిదింటికి వచ్చి పదకొండు దాకా బండి దగ్గర నిలబడే నాకు దాని బాధ ఎంతో తెలుసు. నడకకు వచ్చే షుగరు ఉన్న పెద్దమ్మలు నీళ్ళు తాగడమే మానేస్తున్నామని నాతో చెప్పారు. ఫౌంటెన్‌కు పెట్టే ఖర్చులో పదో వంతు చాలు, నీళ్ళు వచ్చే, రోజూ కడిగే, లోపల గడియ పడే మరుగుదొడ్లు కట్టడానికి. కట్టడం కన్నా కడిగే మనిషికి నెలనెలా జీతం ఇవ్వడం ముఖ్యం. ఇది కాగితం మీద రాయించుకోవాలి. దీపాలు కావాలి, ముఖ్యంగా బస్సు దిగి ఇటుగా నడిచి వెళ్ళే ఆడపిల్లల కోసం వెనక దారిలో కావాలి. ఊరి మురుగు కాలువ పార్కు పక్కనే ఏటిలో కలుస్తోంది. ఆ నీరు శుద్ధి చేయకుండా ఎన్ని రంగు దీపాలు పెట్టినా ముక్కు మూసుకునే చూడాలి. నమూనాలో ఆ కాలువ మీద పచ్చరంగు వేసి ఉంది. దాన్ని ఏం చేస్తారని నేను తప్పకుండా అడుగుతాను.

రోజూ రెండు గ్లాసులు తాగే న్యాయవాది గారు ఒకరున్నారు, ఇప్పుడు ప్రాక్టీసు మానేశారు. ఆయన నాకు రెండు తీర్పుల సంగతి చెప్పారు. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇస్తే అక్కడి కాలనీవాసులు కోర్టుకు వెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు వారి వైపే నిలబడింది. హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఒక హోటలు కోసం నది దారినే మార్చేస్తే, నదులు, ఒడ్లు ప్రజల ఆస్తి అనీ, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేననీ 1996లో అదే కోర్టు చెప్పింది. మనం కోర్టుకు వెళ్ళాలని కాదు నేను చెబుతున్నది. ఏటి ఒడ్డు గురించి మాట్లాడే హక్కు టికెట్టు కొన్నవాడికీ కొననివాడికీ సమానమని ఆదివారం గట్టిగా అనడానికి ఇది ధైర్యం.

నా బండి గురించీ ఆయనే చెప్పారు. వీధి వ్యాపారుల కోసం 2014లో కేంద్రం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం అమ్ముకునేవారిని సర్వే చేసి ధ్రువపత్రం ఇవ్వాలి. స్థలాలు తేల్చే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. బండి కదిలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కాబట్టి రేపో ఎల్లుండో బండి మాయమవుతుందని కంగారు పడకండి. గేటు బయట బండ్లకు ఒక వరుస గీసి ఇవ్వమని, నీళ్ళ కుళాయి ఒకటి పెట్టమని నేను, పక్కన కొబ్బరి బోండాలు కొట్టే అతను, మొలకలు అమ్మే అక్క కలిసి అర్జీ రాశాం. లాక్‌డౌన్ తర్వాత స్వనిధి పథకంలో వచ్చిన మొదటి 10,000 రూపాయల అప్పుతోనే ఈ బండికి కొత్త చక్రాలు, స్టీలు డ్రమ్ము వచ్చాయి. అది తీర్చేశాం. నిలబెట్టి అప్పు ఇచ్చిన ప్రభుత్వమే నిలబడే చోటు కూడా చూపించాలని మా మనవి.

మనం కూడా ఒడ్డుకు చేయాల్సింది ఉంది. 2022 జూలై నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు దేశమంతా నిషేధం. కాగితం గ్లాసులు వాడుతున్నాం కానీ వాటి లోపలా సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది, గాలికి అవీ ఏటిలోకే పోతున్నాయి. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మన బండి దగ్గర స్టీలు గ్లాసులే. వేడినీళ్ళతో కడుగుతాం, కడగడం మీ కళ్ళ ముందే ఉంటుంది. మొలకలు అమ్మే అక్క అడ్డాకు దొన్నెలకు మారుతున్నారు. ఇంటికి తీసుకెళ్ళేవారు దయచేసి సీసానో క్యానో తెచ్చుకోండి.

ధర మాటా చెప్పాలి. చోళ్ళు, మజ్జిగ, గ్యాసు అన్నీ పెరిగాయి. గ్లాసు కడగడానికి ఒక మనిషిని పెట్టుకుంటున్నాం. 15 రూపాయల గ్లాసు 18 అవుతుంది. రిక్షా తొక్కేవారికి, పార్కు ఊడ్చే అమ్మలకు పాత ధరే. పద్ధతి మారదు. చోడిపిండిని రాత్రే నీళ్ళలో కలిపి పులియబెట్టి, తెల్లవారుజామున ఉడుకుతున్న నూకల్లో పోసి గరిటె ఆపకుండా కలిపి దింపుతాం. చల్లారాక మజ్జిగ, ఉప్పు. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. బోండాల ధర ఎందుకు దిగడం లేదని కొందరు పక్క బండి అతన్ని కోప్పడుతున్నారు. 2018లో తిత్లీ తుపానుకు ఉద్దానంలో కూలిన కొబ్బరి చెట్లు ఎన్నో. మళ్ళీ నాటిన మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. అతని మీద కోపం వద్దు.

ఆదివారం ఉదయం బండి ఏడున్నరకే కట్టేస్తాం, ఇద్దరమూ సమావేశంలో ఉంటాం. మీరు నాతో ఏకీభవించాల్సిన పని లేదు. పార్కింగ్ కావాలనుకుంటే కావాలనే చెప్పండి, మీ కారు నీడలో ఉండాలనుకోవడం తప్పేమీ కాదు. కానీ వచ్చి చెప్పండి, లేదా రాసి పంపండి. తెల్ల కాగితాలు, పెన్నులు బండి దగ్గర పెట్టాను. రాయడం రానివారు చెబితే మా అమ్మాయి రాసిపెడుతుంది, చదివి వినిపించాకే వేలిముద్ర వేయించుకుంటుంది. శనివారం సాయంత్రం దాకా వచ్చిన కాగితాలన్నీ నేనే తీసుకెళ్ళి ఇచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకుని ఆ నకలు గేటు దగ్గర అంటిస్తాను.