కంచె వేసుకోమనడం తేలికే!

సంపాదకుడి గారికి,

కరెంటు కంచెలు పెడితే కేసులు తప్పవని అధికారులు హెచ్చరించినట్టు పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చింది. పెట్టాల్సిందే కేసులు. స్తంభం మీంచి తీగ లాగి 230 వోల్టులు నేరుగా కంచెకు ఇచ్చేవాడిని రైతు అనడానికి నాకు నోరు రాదు. కానీ అదే వార్త చివర, పశువులున్నవాళ్లు పక్కా కంచెలు వేసుకోవాలని ఒక ముక్క అని ఊరుకున్నారు చూడండి, అక్కడ ఒళ్లు మండింది.

పక్కా కంచె అంటే ఏమిటో ఆ సార్లకు తెలుసా? ఎకరం నలుచదరంగా ఉన్నా చుట్టూ 835 అడుగులు. 8 అడుగులకో కడీ, అంటే కంచె స్తంభం, పాతినా వందకు పైగా కావాలి. మూలల్లో దన్ను కడీలు, గేటు వేరే. బర్రెలకైతే నాలుగైదు వరసల ముళ్ల తీగ సరిపోతుంది. జీవాలకు, అంటే గొర్రెలకు, మేకలకు అది పనికిరాదు. కింది వరసలోంచి గొర్రె పిల్లలు దూరిపోతాయి, మేకల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. నేల దాకా జాలీ కట్టి, అడుగంచు మట్టిలో పూడ్చాలి. లేదంటే రాత్రిపూట కుక్కలు తవ్వుకుని లోపలికొస్తాయి. గుంత తీస్తుంటే రాయి తగిలిందా, గడ్డపార పక్కన పెట్టి రాయి కొట్టే కంప్రెషర్‌ని పిలవాలి. అంత డబ్బున్నవాడు గొర్రెలెందుకు కాస్తాడు, వడ్డీకి తిప్పుకుంటాడు గానీ!

సోలార్ కంచె పెట్టుకోరాదా అని ఒక ఆఫీసులో సలహా. నిజమే, అది సెకనుకోసారి చిన్న షాక్ కొట్టి వదిలేస్తుంది, ప్రాణం పోదు. కాకపోతే వానాకాలం గడ్డి పెరిగి తీగకు ఆనిందంటే షాక్ భూమిలోకి దిగిపోతుంది. రోజూ కోసేదెవరు? సబ్సిడీ ఏమైనా ఉందా అంటే, బడ్జెట్ వచ్చాక కనబడమన్నారు.

2017లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్లు 75 శాతం సబ్సిడీ మీద గొర్రెల కాపరులకు ఒక్కొక్కరికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచారు. వాటిని ఎక్కడ కట్టడి చేస్తారు, ఎక్కడ మేపుతారు అని అడిగిన నాథుడు లేడు. ఫొటోలు మాత్రం బాగానే దిగారు. ఆ లెక్కలు చివరికి ఏసీబీ దాకా వెళ్లాయి. రోడ్లయినా, చెరువు కట్టలయినా అదే వరస, మొదటి రోజు కొబ్బరికాయ కొట్టడానికే అందరూ వస్తారు.

బందెల దొడ్డి ఉన్నప్పుడు పంట మేసిన గొడ్డును అందులోకి తోలితే, యజమాని జరిమానా కట్టి విడిపించుకునేవాడు. దానికి 1871 నాటి చట్టమే ఉంది. ఇప్పుడు మా ఊరి దొడ్డిలో విరిగిన ట్రాలీ, తుప్పు పట్టిన డ్రమ్ములు ఉన్నాయి. గొడ్డు చేలో పడితే తగాదా నేరుగా పోలీసు స్టేషనుకే.

జీవాలిచ్చే పథకంలోనే కడీల ఖర్చు, జాలీ ఖర్చు కలపండి. అదీ నేనడిగేది. ఈ ఉత్తరం చూసి ఎవరైనా వివరాలు రాసుకోవడానికి వస్తే దరఖాస్తు ఫారాలు వాళ్లనే తెచ్చుకోమనండి. మండల ఆఫీసులో జిరాక్స్ మిషను పాడై చాలా రోజులైంది.

– ఒక గొర్రెల పెంపకందారు, జనగామ జిల్లా