బోరు లెక్కలు ఊరికి చెప్పరా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పాత సముద్రతీరాల్లో బరువు ఖనిజాల కోసం వేస్తున్న అన్వేషణ బోర్ల గురించి గత వారం మీరు వేసిన వార్త చదివి ఊరుకుందామనుకున్నాను. కానీ ఆ శీర్షిక ఊరుకోనివ్వడం లేదు. నిధి దొరికేసినట్టు, వేల కోట్లు రేపో మాపో సంచుల్లోకి ఎత్తేస్తున్నట్టు రాశారు. పక్కన అలలు, పడవలు ఉన్న ఫొటో. అయ్యా, ఆ బోర్లు పడేది అలల ఒడ్డున కాదు. తీరానికి దూరంగా పొలాల్లో, సరుగుడు తోటల్లో, పాత ఇసుక మీద బంకమట్టి కప్పేసిన చోట. ఫొటో వేసే ముందు ఒక్కసారి వార్త చదువుకోవచ్చు కదా!

సముద్రం ఎప్పుడూ ఇప్పుడున్న చోటే లేదు. 20 వేల ఏళ్ల కిందట దాని మట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కింద ఉండేది. సుమారు 6 వేల ఏళ్ల కిందట కృష్ణా, గోదావరి నడుమ ఒడ్డు కొల్లేరు దక్షిణపు అంచు దాకా వచ్చింది. అక్కడి నుంచి నేటి తీరం 30 కిలోమీటర్ల పైమాటే. డెల్టా ముందుకు పెరిగేకొద్దీ పాత ఒడ్డులన్నీ ఇసుక మెరకలుగా లోపల మిగిలిపోయాయి. అల చేటతో చెరిగినట్టు తేలిక ఇసుకను వెనక్కి లాగి, బరువు ఇసుకను ఒడ్డునే వదిలేస్తుంది. మామూలు ఇసుక సాంద్రత 2.65 అయితే, బరువు ఖనిజాలైన ఇల్మనైట్, జిర్కాన్‌లది 4.5 పైనే, అణు ఇంధనానికి పనికొచ్చే థోరియం ఉండే మోనజైట్‌ది 5 దాకా ఉంటుంది. ఆస్ట్రేలియాలోని ముర్రే బేసిన్‌లో ఇలాంటి పాత ఒడ్డుల కోసం నేటి తీరానికి వందల కిలోమీటర్ల లోపల కూడా బోర్లు వేశారు. అంటే ఇదేమీ వింత కాదు, మాయ అంతకన్నా కాదు.

బోరు వేయడమంటే తవ్వకం కాదు. సన్నటి గొట్టం దింపి, లోతు పెరిగేకొద్దీ కొంచెం కొంచెంగా ఇసుక తీసి, బురద కడిగి, బ్రోమోఫాం లాంటి బరువైన ద్రవంలో వేస్తారు. తేలేది మామూలు ఇసుక, మునిగేది బరువు ఖనిజం. మునిగిన దాని శాతం ఎంతన్నదే అసలు లెక్క. ఈ మెరకలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఒక బోరులో బాగా పడినంత మాత్రాన పక్క బోరులో పడాలని లేదు. అలాంటప్పుడు మీ విలేకరికి వేల కోట్ల లెక్క ఎవరు చెప్పారో!

ఆ శాతాలు మాత్రం ఊళ్లో ఎవరికీ చెప్పరు. అడిగితే ‘పై ఆఫీసు’ అంటారు. పై ఆఫీసును అడిగితే ఇంకా పైకి చూపిస్తారు. దేశంలో మోనజైట్ సుమారు 1.3 కోట్ల టన్నులుందని పార్లమెంటులోనే చెప్పారు, అందులో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దేనని కూడా అందరికీ తెలుసు. దేశం లెక్క బహిరంగం, ఊరి బోరు లెక్క పరమ రహస్యం! ఏం న్యాయమండీ ఇది?

2019లో నిబంధన మార్చి, మోనజైట్ రవ్వంత ఉన్నా తీర ఇసుక ఖనిజాల తవ్వకం ప్రభుత్వ సంస్థలకే అన్నారు. ప్రైవేటు వాళ్లు ఇసుక ఎలా తోడేశారో చూశాం కాబట్టి దాన్ని తప్పు పట్టను. కానీ 2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ శాఖ, మోనజైట్ లాంటి అణు ఖనిజాల తవ్వకానికి ప్రజాభిప్రాయ సేకరణే అక్కర్లేదని తేల్చేసింది. షామియానా కింద కుర్చీలు వేసి, మైకు పట్టుకుని నాలుగు మాటలు చెప్పుకునే ఆ కాస్త అవకాశమూ పోయింది. ఇక బోరు దశలోనే చెప్పకపోతే జనానికి ఎప్పుడు తెలుస్తుంది? పొక్లెయిన్ వచ్చాకా?

డెల్టాలో ఈ ఇసుక మెరకలే మంచినీళ్ల ఆధారం. కింద ఉప్పునీరు, పైన వాన ఇంకిన తీపినీరు. ఊళ్లూ, కొబ్బరి తోటలూ ఆ మెరకల మీదే వెలిశాయి. మెరకను పైనుంచి కింది దాకా తవ్వి, ఖనిజం ఏరి, మిగిలిన ఇసుక తిరిగి పోసినా ఆ నీటి పొర మునుపటిలా నిలుస్తుందా? మీ వార్తలో దీని మీద ఒక్క వాక్యం లేదు. మన పత్రికలు కూడా ఈ మధ్య అధికారులిచ్చిన ప్రకటనకు తల మార్చి, తోక మార్చి అచ్చేయడానికి అలవాటు పడ్డాయి. ఆ ప్రకటనేమో ఇంగ్లీషులో వస్తుంది, తెలుగు చేసేవాళ్లకు ఖనిజాల పేర్లే సరిగా పలకవు.

ఏ బోరు ఎక్కడ, ఎంత లోతు, బరువు ఖనిజం ఎంత శాతం, అందులో మోనజైట్ ఎంత, నీళ్లు ఎక్కడ తగిలాయి, ఉప్పా తీపా. ఇవి తెలుగులో రాసి గ్రామ సచివాలయం గోడకు అంటించడానికి ఒక కాగితం చాలు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు.

మీ విలేకరి మళ్లీ అటు వెళితే, నిధి విలువ తర్వాత, ముందు ఆ నీళ్ల సంగతి అడిగి రమ్మనండి.

– మీ పాత పాఠకుడు