చెట్టు ఫెర్న్ పేరు ఆకు వెనకే ఉంటుంది

సంపాదకులకు,

‘మన కొండల్లో అరుదైన ఫెర్న్’ అంటూ ఆకుల ఫొటోతో వార్తలు వస్తుంటాయి. ఈ ఆసక్తి మాకు సంతోషమే. కానీ పైనుంచి తీసిన ఫొటోతో చెట్టు ఫెర్న్ (చెట్టులా మాను కట్టే, పూలు పూయని మొక్క) జాతిని తేల్చలేం.

దక్షిణ భారతానికే పరిమితమైన చెట్టు ఫెర్న్ సయాథియా నీలగిరెన్సిస్‌నే తీసుకోండి. మన తూర్పు కనుమల్లోనూ, ఆగ్నేయాసియాలోనూ పెరిగే సయాథియా జైగాంటియాకూ దానికీ దూరం నుంచి తేడా తెలియదు. ముందు కాడ మొదలు, అంటే ఆకుకాడ అడుగు భాగం, చూడాలి. జైగాంటియా కాడ నల్లగా, పొలుసులు రాలాక గరుకుగా ఉంటుంది, ముళ్లుండవు. నీలగిరెన్సిస్‌కు పొట్టి ముళ్లుంటాయి.

తర్వాత ఆకు వెనక సిద్ధబీజాశయాల (మొక్కను మొలిపించే సిద్ధబీజాలుండే సంచుల) గుంపులైన సోరస్‌లు. జైగాంటియాకు వాటిపై ఇండూసియం (సోరస్‌ను కప్పే పొర) ఉండదు. నీలగిరెన్సిస్‌కు ఈనె వైపు చిన్న పొలుసులా ఉంటుంది. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. సిద్ధబీజాశయాలు పండి ఉబ్బాక ఆ పొలుసును కప్పేస్తాయి. పది రెట్ల లెన్స్ కింద నీటి చుక్క వేసి, సూదితో వాటిని పక్కకు తీస్తేనే కనిపిస్తుంది. సయాథియా స్పైన్యులోసాకైతే సోరస్‌నంతా కప్పే పల్చని పొర ముదిరాక చిట్లి రాలిపోతుంది. అందుకే లేత ఆకునూ ముదురు ఆకునూ రెండింటినీ చూడాలి.

నమూనాకు అటవీశాఖ అనుమతితో సోరస్‌లున్న ఒక్క ఆకు చాలు. మొవ్వు జోలికి పోవద్దు, అది తెగితే చెట్టు చచ్చిపోతుంది. రెండు మూడు మీటర్ల ఆకు 42×28 సెంటీమీటర్ల హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాల భాండాగారం) షీట్‌లో పట్టదు కాబట్టి పొలుసులతో సహా కాడ మొదలు, నడిమి ఈనె ముక్కతో ఒక పక్క రెమ్మ, ఆకు కొస తీసుకోవాలి. చాలామంది వదిలేసేది ఆ కాడ మొదలునే! మాను ఎత్తు, ఆకు పొడవు, పొలుసుల రంగు అక్కడికక్కడే రాసుకోవాలి. వానాకాలంలో నమూనాను నొక్కి ఆరబెట్టే పేపర్లు రోజూ మార్చకపోతే బూజు పడుతుంది.

కొత్త జాతి అనాలంటే కోయంబత్తూరులోని మద్రాస్ హెర్బేరియం, హౌరాలోని కేంద్రీయ జాతీయ హెర్బేరియం వంటి చోట్ల నమూనాలతో పోల్చాలి. లాటిన్‌లోగానీ, 2012 నుంచి అనుమతిస్తున్నట్టు ఇంగ్లిష్‌లోగానీ వర్ణన ప్రచురించి, టైప్ నమూనా (ఆ పేరుకు ఆధారమైన నమూనా) ఏదో, ఏ హెర్బేరియంలో ఉందో తెలపాలి. లేకపోతే ఆ పేరు చెల్లదు.

ఇలాంటి వార్త వేసేటప్పుడు ఆకు వెనక భాగం, కాడ మొదలు ఫొటోలు అడగండి. చెట్టున్న చోటు మాత్రం అచ్చు వేయకండి. ఆర్కిడ్లు పెంచడానికి ఈ మాన్ల పీచు కోసం వీటిని నరుకుతారు. సయాథియాలన్నీ సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో చేరింది ఈ వ్యాపారాన్ని అదుపు చేయడానికే.

– ఫెర్న్ మొక్కలపై పనిచేసే వృక్షశాస్త్ర అధ్యాపకులు, విశాఖపట్నం