రేపు పొట్ట అల్ట్రాసౌండ్ స్కాన్లు మొదలుపెట్టే ఫస్ట్ ఇయర్ వాళ్లకి

రేపు 8 కల్లా స్కాన్ రూమ్‌కి వచ్చేయండి. గాల్ బ్లాడర్ (పిత్తాశయం) చూసే ముందు పేషెంట్‌ని ఏం తిన్నారో అడగండి. కనీసం 6 గంటలు ఖాళీ కడుపు ఉండాలి. "టీ ఒక్కటే తాగానమ్మా" అంటారు. పాల టీకే గాల్ బ్లాడర్ ముడుచుకుపోయి, గోడ 3 మిల్లీమీటర్లు దాటి మందంగా కనిపిస్తుంది. దాన్ని వాపని రాసి నేనొకసారి తిట్లు తిన్నాను!

రాయి అనుమానమొస్తే పేషెంట్‌ని ఎడమ పక్కకి తిప్పి చూడండి. రాయైతే దొర్లుతుంది, వెనక నల్లటి నీడ పడుతుంది. పాలిప్ (లోపలి గోడకి అంటుకుని పెరిగే చిన్న గడ్డ) కదలదు. గాల్ బ్లాడర్ మెడలో ఇరుక్కున్న రాయి కూడా కదలదు, అక్కడే మోసపోతాం.

స్ప్లీన్ (ప్లీహం) దొరక్కపోతే టెన్షన్ వద్దు. ప్రోబ్ (ఒంటి మీద ఆనించి స్కాన్ చేసే పరికరం) పట్టుకున్న చేతి కణుపులు మంచానికి తగిలేంత వెనక్కి వెళ్లండి.

జెల్ చల్లగా ఉంటుందని ముందే చెప్పి రాయండి. టిష్యూలు నేను తెస్తాను.