ప్రెస్‌నోట్‌తో శాలువా ఫొటో ఎందుకు?

సంపాదకులు గారికి,

వేసవి వస్తే చాలు, నీళ్లు లేవన్న వార్తలు జిల్లా పేజీలకు వరదలా వచ్చి పడతాయి. మార్చి 22 జల దినోత్సవం నాడైతే చెప్పనక్కర్లేదు. రైతు సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు, కాలేజీలు అన్నీ ప్రెస్‌నోట్లు పంపుతాయి. అన్నింటికీ జత చేసే ఫొటో ఒక్కటే: వేదిక, వెనక ఫ్లెక్సీ, ముందు పది పన్నెండు మంది, మధ్యలో ఒకరి భుజాన శాలువా. ఆ వరసలో ఎక్కడో చివర ఏళ్ల తరబడి ఊరి బోర్ల నీటిమట్టం రాసుకుంటున్న రైతు నిలబడి ఉంటాడు. ఆయన నోటుపుస్తకంలోని పేజీ మాత్రం ఏ పత్రిక డెస్క్‌కూ చేరదు. మర్నాడు ఫొటో పడకపోతే పత్రికలు మమ్మల్ని పట్టించుకోవడం లేదని నిష్ఠూరం.

ఒక విషయంలో మన మాట చెల్లాలంటే మన ముఖం కంటే ముందు మన కొలత జనానికి తెలియాలి. ఇంగ్లండ్‌లో రీడింగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ 2018లో ఉష్ణోగ్రతలను నీలం, ఎరుపు చారలుగా మార్చారు. ఒక్కో చార ఒక్కో ఏడాది; చల్లటి ఏడాదైతే నీలం, వేడి ఏడాదైతే ఎరుపు. అంకె లేదు, అక్షరం లేదు. ఎవరైనా వాడుకోవచ్చని ఉచితంగా వదిలేశారు. టీవీలో వాతావరణం చెప్పేవాళ్లు దాన్ని టై మీద అచ్చు వేయించుకుని మరీ తెరపైకి వచ్చారు. మన దగ్గరా ఇలాంటి పని జరగకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరవు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాల లెక్క చూసుకునే ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే పథకం కింద రైతులే వాన కొలిచారు, బోరు మట్టం కొలిచారు, ఉన్న నీటికి ఏ పంట ఎన్ని ఎకరాలు వేయొచ్చో లెక్క కట్టి ఊరందరికీ కనబడేలా పెట్టారు. ప్రపంచ బ్యాంకు 2010లో భారత భూగర్భ జలాలపై తెచ్చిన నివేదికలో ఆ రైతుల పనికి చోటు దక్కింది.

కాబట్టి పత్రికకు పంపే బొమ్మ అంటే అందంగా ఉండే పోస్టరని అనుకోనక్కర్లేదు. ఒక ప్రశ్నకు ఒక జవాబు చూపితే చాలు. ‘పోయిన మే నెలతో పోలిస్తే మా మండలంలో నీరు ఎంత దిగింది?’ అన్నదే ప్రశ్న అనుకుందాం.

ముందు కొలత సంగతి. మోటారు నడుస్తున్న బోరులో టేపు వేస్తే వచ్చేది అసలు మట్టం కాదు, తోడగా దిగిన మట్టం. పక్క బోరు నడుస్తున్నా తేడా వస్తుంది. అందుకే తెల్లవారుజామున, రాత్రంతా మోటార్లు ఆపి ఉంచిన రోజున, ఎప్పుడూ అదే బోరులో కొలవాలి. కేంద్ర భూగర్భ జల మండలి ఏడాదికి 4 సార్లు మట్టాలు తీస్తుంది: జనవరి, వానలకు ముందు వేసవి, ఆగస్టు, నవంబర్. మనమూ ఆ నెలలు కలిసేలా కొలిస్తే ప్రభుత్వ లెక్కతో సరిచూసుకోవచ్చు. మే నెలను మే నెలతోనే పోల్చాలి. మే అంకెను నవంబర్ అంకె పక్కన పెట్టి ‘నీరు పెరిగింది’ అని ప్రెస్‌నోట్ పంపితే, వానాకాలం వచ్చి పోయిందని చెప్పినట్టే.

ఇక గ్రాఫ్. ఇక్కడ దాదాపు అందరూ జారిపడే చోటు ఒకటుంది. నీరు 8 మీటర్ల లోతున ఉంటే 8 అని రాస్తాం, 15కు దిగితే 15 అని రాస్తాం. ఆ అంకెల్ని ఎక్సెల్‌లో పోసి గీత గీయిస్తే నీరు దిగేకొద్దీ గీత పైకి ఎక్కుతుంది! చూసిన పాఠకుడు మట్టం పెరిగిందనుకుని సంతోషిస్తాడు. అంచున అంకెలుండే నిలువు గీత మీద కుడి క్లిక్ కొట్టి, ఫార్మాట్ యాక్సిస్‌లో ‘వాల్యూస్ ఇన్ రివర్స్ ఆర్డర్’ అన్న చోట టిక్ పెట్టండి. సున్నా పైకి వస్తుంది, అడ్డగీత కూడా పైకి వచ్చి కూర్చుంటుంది. దానికి ‘నేల మట్టం’ అని పేరు రాస్తే సరి, బొమ్మ అచ్చం బావిని నిలువునా కోసినట్టు కనిపిస్తుంది. చదువు రానివాళ్లకూ అర్థమవుతుంది. వానను అదే బొమ్మలో రెండో కొలబద్దతో ఇరికించొద్దు. కింద వేరే చిన్న గ్రాఫ్‌గా, పై నెలలకు సరిగ్గా కింద వచ్చేలా పెట్టండి. వానకు కడ్డీలు గీస్తే అవి సున్నా నుంచే మొదలవ్వాలి. 600 మిల్లీమీటర్ల దగ్గర కోసేస్తే 800 కడ్డీ 700 కడ్డీకి రెట్టింపు ఉన్నట్టు కనబడుతుంది.

ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వాడకండి. ఆ రెంటికీ తేడా తెలియని కళ్లు చాలామందికి ఉంటాయి. పైగా జిల్లా పేజీ ఒక్కోసారి నలుపు తెలుపుల్లోనే అచ్చవుతుంది, అప్పుడు రెండూ ఒకే బూడిద రంగులోకి దిగుతాయి. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుంది కనుక చుక్క లావెక్కుతుంది. ఫోనులో బాగున్న మసక ఫొటో పేపర్లో బురదలా పడేది అందుకే. రంగు పట్టీ మీద సన్నని తెల్ల అక్షరాలూ వద్దు. అచ్చు వేసే నాలుగు రంగుల ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా ఒత్తులన్నీ పూడుకుపోతాయి.

సైజు లెక్క సులువే. బొమ్మ 16 సెంటీమీటర్ల వెడల్పున పడాలంటే అంగుళానికి 200 చుక్కల చొప్పున 1260 పిక్సెళ్లు, 300 చొప్పునైతే 1890 కావాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. గ్రూపులు దాటి దాటి వచ్చిన ఫొటోనైతే అసలు పంపకండి.

జీపీఎస్ కెమెరా యాప్ గురించి ఒక మాట. అధికారులకు రుజువుగా అది పనికొస్తుంది, కాదనం. కానీ తేదీ, అక్షాంశాలు, చిన్న మ్యాపు అన్నీ కలిసి ఫొటో కింది భాగాన్ని మింగేస్తాయి. ముద్ర లేని ఫొటో ఒకటి అచ్చుకు, ముద్ర ఉన్నది రుజువుకు, రెండూ పంపాలి.

చెరువు అప్పుడూ ఇప్పుడూ చూపాలంటే కట్ట మీద ఒక రాయికి రంగు వేసి, ఏటా అదే నెలలో, అదే గంటకు, ఆ రాయి దగ్గరే నిలబడి, జూమ్ వాడకుండా తీయండి. తూము గానీ అలుగు గానీ ఫ్రేములో ఉంటే నీరు ఎక్కడికి చేరిందో పోల్చుకోవడానికి ఆనవాలు దొరుకుతుంది. ఉపగ్రహ చిత్రాలూ ఉచితమే. సెంటినెల్-2 అనే ఐరోపా ఉపగ్రహ చిత్రంలో ఒక పిక్సెల్ నేల మీద 10 మీటర్లు, అంటే హెక్టారు కుంటకు 100 పిక్సెళ్లు. అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్‌లో పిక్సెల్ 30 మీటర్లు కాబట్టి అదే కుంటకు 11 మించి రావు, పెద్ద చెరువులకే అది అక్కరకొస్తుంది. జులై, ఆగస్టుల్లో మేఘాలు అడ్డం. అన్నింటికన్నా పెద్ద మోసం గుర్రపు డెక్కది. నిండు చెరువు మీద అది పరుచుకుంటే పైనుంచి పచ్చటి పొలంలా ఉంటుంది, చెరువు కబ్జా అయిపోయిందని రాసేస్తాం. కట్ట దాకా వెళ్లి చూడకుండా ఉపగ్రహ చిత్రం పత్రికకు ఇవ్వకూడదు.

మ్యాపు వేసేవాళ్లు జిల్లాల హద్దులు చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత అనంతపురం సగటును ఇప్పటి అనంతపురం సగటుతో పోలిస్తే అది వేరే నేల లెక్క. మండలాల వారీగా కడితే ఈ తంటా చాలావరకు తప్పుతుంది. దేశం మ్యాపైతే సర్వే ఆఫ్ ఇండియా హద్దులే ఉండాలి. విదేశీ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కశ్మీర్ గీత చూస్తే ఏ డెస్క్ అయినా పక్కన పడేస్తుంది.

తెలుగు అక్షరాలతో వచ్చే చిక్కు పంపేవాళ్లకు తెలియదు, అందుకునేవాళ్లకు తలనొప్పి. యూనికోడ్ కాని ‘అను’ అనే తెలుగు ఫాంటులో కొట్టిన ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గీతలవుతుంది. యూనికోడ్‌లో కొట్టినా బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో ‘వరల్డ్ రెడీ కంపోజర్’ అన్న సెట్టింగు ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. దీనికి మందు ఒకటే. బొమ్మతో పాటు అంకెల పట్టికను ఎక్సెల్‌లో, మాటలను మామూలు యూనికోడ్‌లో విడిగా పంపడం. పత్రికలు ఇతరుల గ్రాఫ్‌ను ఉన్నపళంగా వేయడం అరుదు, తమ పద్ధతిలో మళ్లీ గీసుకుంటాయి. అంకెలు చేతిలో ఉంటేనే గీస్తాయి. కొలిచింది ఎవరు, ఎన్ని బోర్లు, ఏ తేదీలు, ఫొటో తీసింది ఎవరు, ఇవి కూడా మెయిల్లోనే ఉండాలి. ఏఐతో చేసిన ఎండిన చెరువు బొమ్మ ఒక్కటి దొరికితే అప్పటిదాకా పంపిన నిజాలన్నీ అనుమానంలో పడతాయి.

టీవీకైతే అడ్డంగా తీసిన వీడియో, ఒక్కో షాట్ కదలకుండా 10 సెకన్లు, పాటా లోగో లేకుండా. అంతకు మించి వాళ్లకేమీ అక్కర్లేదు.

ఇదంతా ఒక్కసారి పంపి ఊరుకుంటే లాభం లేదు. ప్రతి నెలా అదే తేదీన, అదే ఆకారంలో, ఒకే బొమ్మ పంపుతుంటే మొదటి నాలుగైదు నెలలు ఎవరూ వేయకపోవచ్చు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం పేజీ కడుతున్న సబ్ ఎడిటర్‌కు మండలం అంకె కావాల్సి వస్తుంది. అప్పుడు ఆయన వెతికేది మెయిల్లో ముందే ఉన్న పట్టికనే. ఆ వేళ ఫోనెత్తి రెండు ముక్కల్లో వివరించే మనిషి ఉండాలి. అంకె తప్పు పోయిందని తెలిస్తే ఇంకొకరు పట్టుకునేలోపే సవరణ పంపాలి.

మీకూ రెండు మనవులు. జిల్లా పేజీలో నెలకోసారైనా నాలుగు లైన్లు వేయండి: ఫొటో ఎన్ని పిక్సెళ్లు ఉండాలి, ఏ మెయిల్‌కు పంపాలి, ఎన్ని గంటలలోపు పంపాలి. రెండోది, గ్రాఫ్‌ను మీ డెస్క్ మళ్లీ గీసేటప్పుడు సున్నాను పైనే ఉంచండి. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే శీర్షికలో ఒక మాట తగ్గించండి గానీ, ‘కొలిచింది ఫలానా గ్రామ రైతులు’ అన్న అడుగు లైను తీసేయకండి.

ఇట్లు,
భూగర్భ జలాల లెక్కలు రాసే కార్యకర్తలు